నెలలుగా లెక్కించిన ధనము

పదునేడు సంవత్సరములు హైదరాబాదులోని ఒక ప్రైవేటు పాఠశాలలో డ్రాయింగు మాస్టారుగా ఉండి, 2019 మార్చి నెలాఖరున ఆ యుద్యోగము మాని, నైరూప్య చిత్రరచనయే వృత్తిగా గైకొన్ననాడు, నా చేతనున్న ధనమును రూపాయలలో గాక నెలలలో లెక్కించుకొంటిని. మా సంసారమునకు నెలకు 32,000 అగుచుండెను. 24 నెలల గ్రాసము చేకూరినగాని రాజీనామా వ్రాయరాదని నేనును మా ఇల్లాలును అంతకు నాలుగేండ్ల ముందే నిశ్చయించుకొంటిమి.

ఆ నియమము ఒక తప్పిదమువలన పుట్టినది. 2012లో, 20 నెలలకు నెలకు 10,000 చొప్పున కట్టవలసిన రెండు లక్షల చీటీని మూడవ నెలలోనే 50,000 తగ్గించి పాడుకొని, చేతికి వచ్చిన లక్షన్నరతో చట్రములు కట్టించి, ప్రదర్శనశాల అద్దెకు తీసికొని, ఇరువది చిత్రములను గోడలకెక్కించితిని. అమ్ముడైనవి రెండు. చిత్రములు బాగుగా లేకపోలేదు, అవి పూర్తికాలేదు. తొందరపడి తెచ్చిన సొమ్ము నన్ను తొందరపెట్టెను. అందుచేత పిమ్మట వేసిన రెండవ చీటీని కడవరకు పాడక, ఐదు శాతము కమీషను పోను 1,90,000 అందుకొంటిని. పాఠశాలలో నా మూలవేతనమును కరువుభత్యమును కలిసి తుదినెలలో 26,000. దానిని 26 చేత భాగించి 15 చేత హెచ్చించగా వచ్చిన 15,000, పదునేడేండ్ల సర్వీసునకు 2,55,000 గ్రాట్యుటీ అయినది. పోస్టాఫీసులో కూడబెట్టినది 3,23,000. ఈ మొత్తమును మూడేసి నెలలకొకటి గడువు తీరునట్లు డిపాజిట్లుగా విడదీసితిమి. ప్రావిడెంటు ఫండును ముట్టలేదు. పాఠశాలవారి ఆరోగ్యబీమా పోవునని యెరిగి, సొంత పాలసీని మూడేండ్లు ముందుగనే తీసికొంటిమి.

ధనమునకును చిత్రమునకును గల సంబంధము బయటివారికి తెలియదు. తైలవర్ణము గాలిసోకి నెమ్మదిగా గట్టిపడును. అడుగుపొర ఆరకమునుపే పైపొర దట్టముగా వేసినచో కాలక్రమమున బీటలు వారవచ్చును. నేనొక పొర వేసి, కాన్వాసును గోడవైపునకు త్రిప్పి, వారములు గడచిన పిమ్మట మరల చూచి, కత్తితో గీకి, అడుగున దాగిన రంగు ఎచ్చట కనబడునో అచ్చట నిలిపెదను. ఆ వారములకు ఇంటి అద్దె కలదు, బియ్యము ధర కలదు. నైరూప్య చిత్రకారుడగు వాసుదేవ గైతోండే సంవత్సరమునకు కొద్ది చిత్రములు మాత్రమే రచించెను. ఆయన గతించిన పదునాలుగేండ్లకు, 2015లో, ఆయన చిత్రమొకటి ముంబయి వేలములో 29 కోట్లకు పైగా పలికెను. చిత్రకారుని యిల్లు గడచునది మాత్రము తొలి అమ్మకముతోనే.

రంగుల విషయమునను ఇట్లే. మేలురకపు కాడ్మియం ఎరుపు, కోబాల్టు నీలము గొట్టములు మట్టిరంగులకంటె పలురెట్లు ప్రియము. జీతపు దినములలో ఆ ఎరుపును కుంచెకెత్తుకొనునప్పుడు చేయి సంకోచించెడిది, ఆ సంకోచము కాన్వాసుపై కనబడెడిది. తుదకు నా ఎరుపు నాకు మా అమ్మమ్మగారి అరుగుమీద దొరికినది: పండుగకు ముందు ఆమె పూసిన జాజు, దానిపై సున్నపు పట్టెలు. జాజులో ఉన్నదియు, ఆ చవుక మట్టిరంగుల గొట్టములలో ఉన్నదియు ఇనుపతుప్పే. ఇప్పుడు నా చిత్రములలో ఆకారములు లేవు. ఆ అరుగు మాత్రము ఉన్నది.

ధరను చదరపు అంగుళమునకు 40 రూపాయలుగా నిర్ణయించితిని. 24 × 36 అంగుళముల చిత్రమునకు 34,560. గ్యాలరీవారికి నలుబది శాతము పోను 20,736. సామగ్రికి 5,000 తీసిన మిగులునది అరనెల గ్రాసము. ఒకమారు మొగమాటమునకు ఇంటివద్ద సగము ధరకిచ్చి, ఆ సంగతి తెలిసిన గ్యాలరీవారి విశ్వాసమును పోగొట్టుకొంటిని. ఆ తప్పు పూర్తిగా నాదే. తొలియేట ఆరు చిత్రములు అమ్ముడై మూడు నెలలు మాకు మరల చేరినవి.

అంతట 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినది. ప్రదర్శనశాలలు మూతబడినవి. జులైలో ఒకరు ఫోను చేసి, నా యొద్దనున్న నాలుగు పెద్ద కాన్వాసులను ఒక్కొక్కటి పదివేలకు ఇమ్మనిరి. వానిలో ఒకటి అప్పటికి ఎనిమిది నెలలుగా నడుచుచుండెను, జాజు అడుగున ఇంకను మెత్తగా ఉండెను. నేను మాటాడక నిలిచితిని. మా ఇల్లాలు లెక్కల పుస్తకము తెరచి, “ఏమండీ, ఈ నెల పోను ఇంకా పదకొండు నెలలున్నవి. ఆ బొమ్మ ఆరలేదని మీరే అంటిరి గదా,” అనెను. వారికి ఈయలేనని చెప్పితిని. ఆమె జులై యెదుట ‘రాబడి లేదు’ అని వ్రాసి, దాని క్రింద పన్నెండును కొట్టివేసి పదకొండు వేసెను. నేను పోయి కాన్వాసును మరల గోడవైపునకు త్రిప్పితిని.