కోనసీమ ఎర్రగా ఉంది!

ఎర్రగా ఉంది! మా కోనసీమ మొత్తం ఎర్రగా ఉంది!

పండుమిరప ఎరుపు, మందార ఎరుపు, బాగా పండిన గోరింటాకు ఎరుపు! ఆ ఎరుపు మధ్య గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయలు కాటుకతో గీసినట్టు నల్లగా వంకర్లు తిరిగి సముద్రంలో కలుస్తున్నాయి. 705 కిలోమీటర్ల పైనుంచి ల్యాండ్‌శాట్ ఉపగ్రహం తీసిన బొమ్మ ఇది. ఇన్నేళ్లుగా ఏడో తరగతికి సైన్సు చెబుతున్నాను. ఇలాంటి బొమ్మలు 1972 నుంచీ తీస్తూనే ఉన్నారనీ, 2008 నుంచి ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చనీ పోయిన నెల దాకా నాకు తెలియనే తెలియదు!

క్లాసులో తెర మీద పెట్టగానే పిల్లలు బెంచీలు వదిలి ముందుకొచ్చేశారు. "మా ఊరు పచ్చగా కదా ఉంటది, ఇదేంటి టీచర్‌గారండీ?"

నిజమే, ఇదేంటి?

ఆ రాత్రంతా కూర్చుని చదివాను. ఆకులోని పత్రహరితం ఎండలోని ఎరుపునీ నీలాన్నీ చాలావరకు తాగేస్తుంది, ఆకుపచ్చను కొంత వదిలేస్తుంది. అంతవరకు నాకూ తెలుసు. కానీ మన కంటికి ఆనని పరారుణ కాంతిని పచ్చటి ఆకు ఇంకా ఎంతో ఎక్కువగా వెనక్కి విసిరేస్తుందట! ఉపగ్రహం దాన్ని పట్టుకుంటుంది. మనకు కనబడాలని దానికి ఎరుపు రంగు వేస్తారు. నీళ్లు పరారుణాన్ని మింగేస్తాయి కాబట్టి గోదారి నల్లన. అంటే ఆ ఎరుపంతా ప్రాణమున్న ఆకు!

కంటికి కనబడని వెలుగును పిల్లలకు ఎలా చూపించడం? టీవీ రిమోట్‌తో! రిమోట్ కొసను ఫోను సెల్ఫీ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కండి. మామూలుగా చూస్తే ఏమీ ఉండదు. ఫోనులో మాత్రం లేత ఊదారంగు దీపం మిణుకు మిణుకుమంటుంది! అదీ పరారుణమే. రిమోట్ కోసం ఎంత తోపులాట! మీరూ చేసి చూడండి, ఇప్పుడే, ఈ పేజీ పక్కన పెట్టి!

అసలు అద్భుతం మర్నాడు. జనవరి, మార్చి, మే నెలల బొమ్మలు పక్కపక్కన పెట్టాను. జనవరిలో, దాళ్వా (రెండో పంట) ఊడ్పుల వేళ, నీళ్లు పెట్టిన చేలు నల్లగా ఉన్నాయి. మార్చికి నిప్పులా ఎరుపెక్కాయి. మేలో కోతలైపోయి వెలవెలబోయాయి. కొన్ని చోట్ల మాత్రం మూడు బొమ్మల్లోనూ అదే ఎరుపు! ఎందుకో నేను చెప్పబోయేలోపే వెనక నుంచి ఓ పిల్ల అరిచింది: "కొబ్బరితోటలండీ! వాటిని కొయ్యరు కదండీ!"

నా ఒళ్లు ఝల్లుమంది. ఏ పుస్తకంలోనూ చదవలేదు ఆ పిల్ల. వాళ్ల నాన్న చేను తెలుసు, వాళ్ల పెరడు తెలుసు, అంతే! ఇక ఆగుతారా? తూర్పున ముదురు ఎరుపు ముద్ద కోరింగ మడ అడవి అని పట్టేశారు. పడమరగా కొల్లేరు వైపు పలకలు పేర్చినట్టున్న నల్ల గళ్లు చేపల చెరువులన్నారు.

"మరి మా ఇల్లేదండీ?"

ల్యాండ్‌శాట్ బొమ్మలో ఒక్క చుక్క నేల మీద 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. అది నోటితో చెబితే ఏం తెలుస్తుంది? నూలుతాడు కొలిచి గ్రౌండులో పరిచాం. నాలుగు మూలలా నలుగురు పిల్లలు. లోపల రెండు కొబ్బరిచెట్లు, చేతిపంపు, మధ్యాహ్న భోజనం వండే షెడ్డులో సగం, ఆరేసిన వడ్లు! ఇవన్నీ కలిసిపోయి ఒక్క చుక్క, ఒక్కటే రంగు! తాడు పట్టుకున్నవాడు లోపలికి తొంగి చూసి, "ఇంతాజేసి ఒక్క చుక్కేనా!" అన్నాడు.

పైనుంచి నేలను చూసే ఈ ఆట మా పిల్లలతో మొదలవలేదు. అమెరికాలో వీళ్ల వయసువాళ్లే 1996లో కిడ్‌శాట్ పేరుతో స్పేస్ షటిల్‌లోని కెమెరాకు ఎక్కడ ఫొటో తీయాలో తామే లెక్కగట్టి చెప్పారట! దాని వెనక ఉన్నది అంతరిక్షానికి వెళ్లిన తొలి అమెరికన్ మహిళ శాలీ రైడ్. మనకీ హైదరాబాద్‌లోని ఎన్నార్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వారి భువన్ వెబ్‌సైట్ ఉంది, షాద్‌నగర్‌లో ఉపగ్రహాల సంకేతాలు అందుకునే పెద్ద పెద్ద యాంటెన్నాలున్నాయి. ఇంత దగ్గర్లో! టీచర్లూ, అమ్మానాన్నలూ, మీరూ చూడండి, ముందు మీ ఊరే వెతకండి!

ఇప్పుడు తిరుగుతున్న రెండు ల్యాండ్‌శాట్‌లూ కలిపి ఎనిమిది రోజులకోసారి మా ఊరి వంతు వస్తుంది, పొద్దున పది దాటాక. పిల్లలు క్యాలెండర్‌లో సున్నాలు చుట్టేశారు. ఈసారి గురువారం. తాము కనబడరని వాళ్లకు తెలుసు, చుక్క ఎంతో తాడేసి కొలిచినవాళ్లే కదా! అయినా ఆ వేళకి అందరం గ్రౌండులోనే ఉండాలని తీర్మానం. ఆ రోజు మబ్బు పట్టకూడదని ఇప్పటినుంచే ఆకాశం వంక చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను!