గాజుతొట్టిలోని సముద్రము

మన తీరప్రాంతమువారికి ఉప్పుమళ్లు క్రొత్తవి కావు. నౌపడయందును చిన్నగంజామునందును ఉప్పునీటిని మళ్లకు పెట్టి యెండకు విడుతురు. నీరు ఆవిరియై పోవును, ఉప్పు మిగులును. అచ్చట మనకు మేలుచేయు నీ ధర్మమే, ఇంటిలో సముద్రపు చేపలను పెంచువారికి చిక్కు తెచ్చిపెట్టును.

మా యింట 100 లీటర్ల సముద్రజలము పట్టు గాజుతొట్టి యొకటి కలదు. అందు రెండు క్లౌన్ చేపలును, ఎనిమోను అను పూవువంటి ప్రాణియు నున్నవి. రాతిపగడపు జీవులను మాత్రము మేముంచలేదు. 2001వ సంవత్సరమున అవి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలున చేర్చబడినవి.

సముద్రజలమున లీటరునకు ఇంచుమించుగా 35 గ్రాముల ఉప్పుండును. తొట్టియందును అంతయే యుండవలెను. చేప తన మొప్పలద్వారా అధికమైన ఉప్పును వెలికి నెట్టగలదు. ఎనిమోను అట్లు చేయజాలదు. బయటి నీటి ఉప్పదనము పెరిగినచో దాని శరీరములోని నీరు వెలికి పోవును. కావున మొదట బాధపడునది అదియే.

గడచిన వేసవిలో నీరు వేడెక్కకుండుటకై తొట్టిపై పంకా నమర్చితిమి. పంకాగాలికి నీరు చల్లబడును గాని, దినమునకు 2 లీటర్లు ఆవిరియగుచుండెను. మేము అయిదు దినములు ఊర లేనప్పుడు, మన పాఠశాలలోనే చదువుచున్న మా మేనల్లుడు తొట్టిని కనిపెట్టియుండెను. సముద్రపు తొట్టికి సముద్రజలమే తగునని తలంచి, డబ్బాలో నిలువయున్న దానిని దినదినము శ్రద్ధతో పోసి మట్టము నిలిపెను. మేము తిరిగి వచ్చునప్పటికి ఎనిమోను పిడికిలివలె ముడుచుకొనియుండెను. చేపలు దాని చెంతకు పోక మూలన నిలిచియుండెను.

రిఫ్రాక్టోమీటరు 38.5 చూపెను. యంత్రమే తప్పు చూపుచున్నదేమోయని, 35 గ్రాముల ప్రమాణద్రావణముతో దానిని పరీక్షించితిమి. అది సరిగానే యుండెను.

మేనల్లుని మందలింపక, కాగితమును కలమును చేతికిచ్చి, "మొదట తొట్టిలో ఉప్పెంత?" అని యడిగితిమి.

"3500 గ్రాములు, మామయ్యా."

"ఆవిరితో ఎంత పోయినది?"

అతడు కొంతసేపు ఊరకుండి, "ఏమియు పోలేదు. నీరు మాత్రమే పోయినది. నేను పోసిన 10 లీటర్లతో మరి 350 గ్రాములు చేరినవి" అనెను. మొత్తము 3850 గ్రాములు, అనగా లీటరునకు 38.5. లెక్కయు యంత్రమును ఏకీభవించెను.

"అయినచో 9 లీటర్లు తీసి, ఇప్పుడే మంచినీరు పోసెదను" అని అతడు లేచెను. మేము వారించితిమి. ఉప్పదనము ఒక్కమారుగా మారినచో, అలసిన ప్రాణికి అది రెండవ దెబ్బ యగును. దినమునకు ఒకటిన్నర లీటరు తొట్టినీరు తీసి, అంతే ఆర్.ఓ. నీటిని కొంచెము కొంచెముగా పోయుచు, ఆవిరియైన నీటికి బదులుగా కూడ ఆ మంచినీటినే చేర్చుచు వచ్చితిమి. నాలుగవ దినమున ఎనిమోను సగము విచ్చుకొనెను. ఆరవ దినమున కొలత 35 సమీపమునకు దిగెను. ఆ సాయంకాలము చేపలు రెండును మరల దాని నడుమ దూరినవి. మేనల్లుడు ఆ రాత్రి భోజనమునకు పిలిచినను తొట్టియొద్దనుండి కదలలేదు.

ఇప్పుడు గాజుపై మట్టపు గీత గీసి, ఉదయ సాయంకాలములందు మంచినీటితో ఆ గీతవరకు నింపుదుము. పాతనీరు తీసి మార్చునప్పుడు మాత్రమే సముద్రజలము పోయుదుము. తేలుడు మీటతో తానై నీరు పోయు యంత్రములును కలవు. అట్టిది పెట్టుకొనువారు మంచినీటి డబ్బాను చిన్నదిగా నుంచుకొనుట మేలు. మీట చిక్కుకొనినను తొట్టిలోనికి ఎక్కువ నీరు పోదు. వారమున కొకమారు కొలత చూచి పుస్తకమున వ్రాయుపని మేనల్లుడే వహించియున్నాడు.

విద్యార్థులకు ఒక లెక్క: లీటరునకు 35 గ్రాముల ఉప్పుగల 50 లీటర్ల తొట్టినుండి 5 లీటర్లు ఆవిరియైనచో, మిగిలిన నీటిలో లీటరునకు ఉప్పెంత? దానిని సరిచేయుటకు ఏ నీరు, ఎంత పోయవలెను?