పాదిరిగారి పాత యిల్లు

మన ఒంగోలు ప్రాంతపు పల్లెలలో పాదిరిగారి యిల్లు కురిసినపుడు, పడగొట్టుదమా, బాగుచేయుదమా అని సంఘము ఆలోచించును. ఇంగ్లండు దేశమున ససెక్సు సీమలోని ఆల్ఫ్రిస్టన్ అను పల్లెకును ఇట్టి ప్రశ్నయే కలిగెను.

అచ్చటి గురువుల యిల్లు సుమారు 600 యేండ్లనాటిది. కొయ్య చట్రము, తడికలకు మెత్తిన మట్టి గోడలు, పైన గడ్డి కప్పు. మన పూరిండ్లకు చుట్టమే. నేలను సుద్దతో దిమ్మిస కొట్టి, పులిసిన పాలు పోసి గట్టిపరచిరి. మొదట నట్టింట మంట వేయగా పొగ కప్పు వరకు లేచెడిది. తరువాతివారు పొగగొట్టము కట్టిరి. మరికొంత కాలమునకు కూలివారి కొరకు దానిని రెండు కాపురములుగా విడదీసిరి. తుదకు శిథిలము కాగా పడగొట్టుటకు తలపెట్టిరి.

అయితే ఆ ఊరి గురువు బెనన్‌గారు ఊరకుండక దాని కొరకు పాటుపడిరి. 1896లో నేషనల్ ట్రస్టు అను సంస్థ 10 పౌనులకు దానిని కొనెను. ఆ సంస్థ కొన్న మొదటి కట్టడము అదియే. మరమ్మతుకు అంతకు ఎన్నో రెట్లు ఖర్చాయెను. నేటికిని ఆ యిల్లు నిలిచియున్నది.

మట్టి గోడలు ఇన్ని తరములు నిలుచుటకు, ఎవరో ఒకరు తమ దినములలో చేయివేయుటయే హేతువు. సంఘమును అట్టిదే. తాతలు కట్టిరిగదా అని మనము కూర్చుండిన, మన కాలముననే కురియును. వానలు రాకముందే ఎవరి వంతు తాటాకు వారు మోసికొని రండి.