ఏడు సంతకాలు

ఆగస్టు 1, 2022, సోమవారం

పొద్దున్నే తెనాలి నుంచి అన్నయ్య ఫోన్. "ఒరేయ్, మన ఉహురా పోయిందట్రా" అన్నాడు. నిషెల్ నికోల్స్ శనివారం కన్నుమూశారు. 89 ఏళ్లు.

'మన' అన్న మాట రోజంతా నన్ను వదల్లేదు. ఎనభైల్లో ఆదివారం పూట దూరదర్శన్‌లో 'స్టార్ ట్రెక్' వచ్చేది. మా వీధికంతా ఒకటే టీవీ, అదీ బ్లాక్ అండ్ వైట్. పక్కింటి పిన్నిగారి వరండాలో చాప మీద కూర్చుని చూసేవాళ్లం. చెవిలో లోహపు గొట్టం పెట్టుకుని దూరపు గ్రహాల మాటలు వినే ఉహురా ఎర్ర దుస్తుల్లో ఉందనీ, స్పాక్ చొక్కా నీలమనీ మాకు తెలియదు. అందరిదీ బూడిద రంగే.

మొదటి సీజన్ అవగానే మానేద్దామనుకున్నారట ఆవిడ. మార్టిన్ లూథర్ కింగ్ కలిసి, వెళ్లవద్దని, ఆ కుర్చీలో ఒక నల్లజాతి స్త్రీ కూర్చోవడం ఎంత అవసరమో చెప్పారట. ఆవిడే ఎన్నోసార్లు తలుచుకున్న సంగతి ఇది. తర్వాత నాసా తరఫున తిరిగి, ఆడవాళ్లనూ నల్లవాళ్లనూ వ్యోమగాములుగా దరఖాస్తు చేసుకోమని పిలిచారు. 1978లో ఎంపికైన 35 మందిలో శాలీ రైడ్ ఉన్నారు, గయాన్ బ్లూఫర్డ్ ఉన్నారు.

పాత బృందంలో ఏడుగురు. కెల్లీ 1999లో, డూహన్ 2005లో, నిమోయ్ 2015లో వెళ్లిపోయారు. ఇప్పుడు ఈవిడ. ఇక షాట్నర్, టకేయ్, కోనిగ్ మిగిలారు.

ఆగస్టు 6, శనివారం

ఏడుగురూ కలిసి నటించిన చివరి సినిమా 'ది అన్‌డిస్కవర్డ్ కంట్రీ' రాత్రి మళ్లీ చూశాను. వరసలో ఆరోది, 1991 నాటిది. ఇరవయ్యేళ్ల కిందట చూసినప్పుడు నా కళ్లు పోరాటాల మీదే ఉన్నాయి. ఈసారి ఒక టీ కప్పు మీద నిలిచాయి.

టకేయ్ వేసిన సూలూ ఇప్పుడు కెప్టెన్. సొంత ఓడ, పేరు ఎక్సెల్సియర్. చేతిలో కప్పుతో తీరుబడిగా టీ తాగుతుంటాడు. ఉన్నట్టుండి కప్పు గలగలా వణుకుతుంది, జారిపడి భళ్లున పగులుతుంది. ఆ తర్వాతే ఓడను అల ఢీకొంటుంది. పెద్ద ఉపద్రవం ముందుగా ఇంట్లో గిన్నెలకే తెలుస్తుంది కదా, భూకంపం వచ్చినప్పుడు అటక మీద ఇత్తడి బిందెలు మోగినట్టు.

సూలూను కెప్టెన్ కుర్చీలో చూడాలని జార్జ్ టకేయ్ ఏళ్ల తరబడి ఎదురు చూశారు. రెండో ప్రపంచ యుద్ధంలో, జపాన్ మూలాలున్న పాపానికి, చిన్నపిల్లాడిగా కుటుంబంతో సహా అమెరికా నిర్బంధ శిబిరంలో పెరిగిన మనిషి ఆయన. ఆ కప్పు పట్టుకున్న చేయి అది.

ఆగస్టు 10, బుధవారం

ఓడను ఢీకొన్న ఆ అల, ప్రాక్సిస్ అనే ఉపగ్రహం పేలినప్పుడు పుట్టింది. సీరియల్‌లో శత్రుజాతి క్లింగన్లకు ఇంధనమంతా అక్కడి నుంచే. జాగ్రత్త లేకుండా అతిగా తవ్వేశారు. ఇప్పుడు వాళ్ల గ్రహానికి యాభై ఏళ్లే ఆయుష్షు. అటు బాగుచేసుకోవడమూ ఇటు యుద్ధమూ, రెండింటికీ డబ్బు చాలదు. అందుకే బద్ధశత్రువులతో సంధి.

ఇది 1986 నాటి చెర్నోబిల్ అని అప్పట్లో ఎవరికైనా తెలిసేదే. బెర్లిన్ గోడ అంతరిక్షంలో కూలితే ఎలా ఉంటుందన్న ఊహ నిమోయ్‌ది. దాన్ని కథగా మలిచి తెరకెక్కించినవారు నికొలస్ మేయర్. 1966లో మొదలైన సీరియల్‌లో క్లింగన్లంటే సోవియట్లే. పాతికేళ్లు పోరాడిన శత్రువుతో రాజీపడటం ఆ ఏడుగురి ఆఖరి పని. చివరి కథ కదా అని ఇంకో గెలుపు చేతిలో పెట్టి పంపొచ్చు. పెట్టలేదు. ఆ నిర్ణయానికి దండం పెట్టాలనిపిస్తుంది.

ఆగస్టు 14, ఆదివారం

భోజనాల బల్ల సీన్ రెండుసార్లు చూశాను. క్లింగన్లను ఓడలోకి విందుకు పిలుస్తారు. వాళ్లు చేత్తో తింటారు. మనవాళ్లు గుడ్లప్పగించి చూస్తారు. అతిథులు వెళ్లగానే ఆ తిండి తీరు గురించి చులకన మాటలు. ఎంగిలి చేయి కడుక్కోకుండానే టీవీ ముందు కూర్చున్న నాకు చివుక్కుమంది. నాకిష్టమైన ఉహురా, చెకోవ్ ఆ మాటలనడం మరీ బాధనిపించింది. కానీ మేయర్‌కు కావలసింది ఆ బాధే.

ఒక వివక్ష మాటను పలకనని నికోల్స్ కచ్చితంగా చెప్పేశారు. అది చెకోవ్ వేషం వేసిన కోనిగ్‌కు వెళ్లింది. అడ్మిరల్ వేషం వేసిన బ్రాక్ పీటర్స్, క్లింగన్ల మీద విషం కక్కే ప్రసంగాన్ని ఒక్క టేక్‌లో చెప్పలేకపోయారని మేయర్ తర్వాత రోజుల్లో చెప్పారు. ఎలా చెప్పగలరు? 1962లో 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్'లో చేయని నేరానికి బలైన నల్లజాతి మనిషి ఆయనే. విన్న మాటలే, ఈసారి తన నోట.

ఆగస్టు 17, బుధవారం

డైరీ రాసేవాణ్ణి కాబట్టి ఈ సీన్ నన్ను పట్టుకుంది. షాట్నర్ వేసిన కెప్టెన్ కర్క్ తన గదిలో ఒంటరిగా లాగ్‌లో, అంటే గొంతుతో రాసే డైరీలో, మాట్లాడుకుంటాడు. క్లింగన్లను ఎన్నడూ నమ్మలేదు, నమ్మను, నా కొడుకు చావును క్షమించలేను అంటాడు. మూడో సినిమాలో కొడుకును చంపింది వాళ్లే. తర్వాత క్లింగన్ కోర్టులో వాళ్ల నాయకుడి హత్యానేరం మీద నిలబెట్టినప్పుడు అదే మాటను అందరి ముందూ వినిపిస్తారు. తన గొంతే తన మీద సాక్షి. కాదనడానికి లేదు.

ఆగస్టు 18, గురువారం

నిద్ర పట్టక పాత డైరీలు దించాను. 1994, జూన్. మా పెదనాన్నగారబ్బాయితో పొలం గట్టు తగాదా. మూరెడు గట్టు. 'ఈ జన్మలో వాడి గడప తొక్కను' అని రాసి కింద రెండు గీతలు కొట్టాను. పెన్ను ఒత్తిన ఒత్తుకి అవతలి పేజీలో కూడా గాడి పడింది.

తొక్కాను, నాలుగేళ్ల కిందట, వాడు పోయిన రోజున. కర్క్‌కు ఉన్న వ్యవధి నాకు లేకపోయింది.

ఆగస్టు 21, ఆదివారం

చిన్న సంగతి. గురుత్వాకర్షణ ఆగిపోయిన క్లింగన్ ఓడలో హంతకులు కాల్పులు జరుపుతారు. క్లింగన్ల రక్తం గులాబీ రంగు. అది కిందికి కారదు, గుండ్రటి బొట్లై గాలిలో తేలుతుంది. కంప్యూటర్ మీద చేసిన బొమ్మలవి. తలతన్యత పాఠం ముప్ఫై ఏళ్లు చెప్పాను. వాన చినుకు, పాదరసం, తామరాకు మీద నీటి బొట్టు. ఇంత దిగులు పుట్టించే ఉదాహరణ మాత్రం ఎప్పుడూ దొరకలేదు.

ఆగస్టు 31, బుధవారం. వినాయక చవితి

పాలవెల్లి కడుతుంటే టీవీలో వార్త. గోర్బచోవ్ రాత్రి మాస్కోలో చనిపోయారు. 91 ఏళ్లు.

సంధి కోసం వచ్చి హత్యకు గురయ్యే క్లింగన్ నాయకుడి పేరు గోర్కన్. గోర్బచోవ్ పేరు, లింకన్ గడ్డం. చంపించింది రెండు వైపుల వాళ్లూ కలిసి. పగ లేకపోతే తమకు పనుండదని భయపడ్డ వాళ్లు పగను కాపాడుకోవడానికి మాత్రం చక్కగా చేతులు కలిపారు. 1991 ఆగస్టులో కుట్రదారులు గోర్బచోవ్‌ను క్రిమియాలో నిర్బంధించారు. డిసెంబర్ 6న సినిమా విడుదల. 8న సోవియట్ యూనియన్‌కు చరమగీతం పాడుతూ మూడు రిపబ్లిక్కుల సంతకాలు. 25న గోర్బచోవ్ రాజీనామా. కథకూ లోకానికీ అంత దగ్గరి పోటీ నేను మళ్లీ చూడలేదు.

ఆయన పేరు తలుచుకుని ఒక గరిక పోచ ఎక్కువ పెట్టాను.

సెప్టెంబర్ 4, ఆదివారం

దీన్నంతా సృష్టించిన జీన్ రాడెన్‌బెరీ 1991 అక్టోబర్ 24న పోయారు. అంతకు కొద్ది రోజుల ముందే సినిమా చూశారు. తన మనుషుల్లో ఇంత ద్వేషం చూపడం ఆయనకు నచ్చలేదు. ఇరవై మూడో శతాబ్దం నాటికి మనిషి ఆ చెత్తంతా వదిలించుకుని ఉంటాడని ఆయన నమ్మకం.

ఆ నమ్మకమే మమ్మల్ని ఆ చాప మీద కూర్చోబెట్టింది. కాదనను. అయినా ఈ విషయంలో నేను మేయర్ వైపే. మచ్చలేనివాళ్లను చూసి ముచ్చట పడతాం. మచ్చ ఉండి, అది తనదేనని ఒప్పుకున్నవాణ్ణి చూసి నేర్చుకుంటాం. సినిమా మొదట్లో రాడెన్‌బెరీకి అంకితమన్న మాట ఉంది. ఒప్పుకోని పెద్దాయనకు ఒప్పుకోని పిల్లలు పెట్టిన నమస్కారం అది.

సెప్టెంబర్ 8, గురువారం

మొదటి ఎపిసోడ్ ప్రసారమై ఈరోజుకు 56 ఏళ్లు. చివరి అయిదు నిమిషాలు మరోసారి చూశాను.

సంధి కుదిరింది. ఓడను ఇక విశ్రాంతికి పంపమని హుకుం. కర్క్ ఆఖరి లాగ్ చెప్తాడు. ఈ ఓడా దాని ప్రయాణమూ ఇక కొత్తవాళ్లవి అంటాడు. సీరియల్ మొదటి నుంచీ ఉన్న వాక్యంలో 'మగవాడు' అన్న చోట ఆగి 'ఎవరూ' అని దిద్దుకుంటాడు. కోర్టులో తనను దోషిగా నిలబెట్టిన గొంతే ఇది. అదే లాగ్‌లో పుట్టిన ద్వేషాన్ని అక్కడే వదిలేసి వెళ్తున్నాడు.

తర్వాత చుక్కల మీద తెల్లగా సంతకాలు. పాత్రల పేర్లు కావు, మనుషులవి. ఒకటి తర్వాత ఒకటి, చివర షాట్నర్‌ది. 2019లో రిటైరైన రోజు సాయంత్రం హెడ్మాస్టరు గారు హాజరు పట్టీ నా ముందుకు జరిపారు. దండలు, శాలువాలు, ప్రసంగాలు అన్నీ అయ్యాక, నిజంగా వెళ్లిపోతున్నానని తెలిసింది ఆ గడిలో సంతకం పెట్టినప్పుడే.

మధ్యాహ్నం పెదనాన్నగారి మనవడు ఫోన్ చేశాడు. "బాబాయ్, ఆదివారం కొత్తింట్లో పాలు పొంగిస్తున్నాం, మీరు రావాలి" అన్నాడు. వస్తానన్నాను. 1994 డైరీ తీసి ఆ పేజీలో పాత వాక్యాన్ని కొట్టెయ్యలేదు. అది రాసింది నేనే. దాని కింద 'వెళ్తున్నాను' అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను.