చవక లోడరు – బరువు లెక్క

అన్నదమ్ములం ఇద్దరమూ ఈ కళాశాలలోనే చదువుకొని, బ్రతుకుతెరువు కోసం అమెరికా చేరి, టెక్సాస్ రాష్ట్రంలో ఊరికి దూరంగా నాలుగెకరాల నేల కొన్నాము. ఇల్లు రహదారికి బాగా లోపల ఉన్నది. ప్రతి వర్షానికీ కొట్టుకొనిపోయే బాటకు కంకర పోయడం మాకొక నిత్యవ్రతమైనది. మాలో పెద్దవారికి గుండె శస్త్రచికిత్స జరిగిన పిమ్మట పార, తట్ట ముట్టరాదని వైద్యుల ఆజ్ఞ. అప్పుడు లోడరు ఆలోచన కలిగినది.

ఇటువంటి యంత్రానికి పుట్టినిల్లు ఆ దేశమే. 1957లో మిన్నెసోటా రాష్ట్రంలో సిరిల్, లూయీ కెల్లర్ అనే సోదరులు టర్కీకోళ్ల షెడ్డును శుభ్రపరచడానికి మూడు చక్రాల చిన్న లోడరును నిర్మించారు. నేడు పేరుపొందిన కంపెనీల లోడర్ల వెల మా శక్తికి మించినది. చైనా నుండి దిగుమతి అయిన, వెనుక మెట్టుపై నిలబడి నడిపే చిన్న రకం అయిదు వేల డాలర్ల లోపున దొరికినది. చవక ఎంతటివారినైనా లొంగదీస్తుంది కదా!

ఇంజను విషయంలో మాకు ఫిర్యాదు లేదు. 13.5 అశ్వశక్తి గల పెట్రోలు ఇంజను; విడిభాగాలు పొరుగు పట్టణంలోనే లభిస్తాయి. చిక్కంతా హైడ్రాలిక్ భాగంతోనే. చమురును చల్లబరిచే ఏర్పాటు లేదు. వేసవి ఎండలో గంట గడిచేసరికి చమురు కాగి పలచబడి, బకెట్టు లేవనని మొరాయించేది. రెండవ వారంలో ఒక గొట్టం కారినది. అమ్మినవారికి రెండుసార్లు వ్రాసినా జవాబు లేదు. మేమే కొలత తీసుకొని, ట్రాక్టరు సామాన్ల దుకాణంలో కొత్తది చేయించుకొన్నాము.

అసలు ప్రమాదం కాగితంలో దాగి ఉన్నది. “ఎత్తగల బరువు 400 కిలోలు” అని అందులో అచ్చువేశారు. అది యంత్రం ముందుకు తిరగబడే బరువని మాకు తోచలేదు. పట్టాలపై నడిచే లోడరుకు అందులో 35 శాతాన్నే, అంటే 140 కిలోలనే, పనిబరువుగా ఎంచాలి. మా బకెట్టు నిండుగా 0.15 ఘనపు మీటరు కంకర పడుతుంది. దాని తూకం సుమారు 240 కిలోలు! తులాదండ సూత్రాన్ని ఇక్కడి భౌతికశాస్త్ర ప్రయోగశాలలో మీటరు బద్దపై నేర్చి, మార్కులు కూడా సంపాదించినవారమే. బేరమాడే వేళ మాత్రం అది మాకు గుర్తుకు రాలేదు.

ఒకనాడు వాలున దిగుతూ నిండు బకెట్టును ఛాతీ ఎత్తుకు లేపగా వెనుక భాగం నేలను విడిచినది. పెద్దవారు ప్రక్కకు దూకారు. యంత్రం బకెట్టుతో నేలను పొడిచి, ముక్కుమీద నిలిచినది. ఆయన గుండెపై చేయి వేసుకొని గడ్డిలో కూర్చుండిపోయిన ఆ అయిదు నిమిషాలూ మాలో చిన్నవారికి నోట మాట రాలేదు. బకెట్టును నేలకు జానెడు ఎత్తులోనే ఉంచాలనీ, బరువు ఎగువ వైపున ఉండేటట్లు వెనుకకు నడుపుతూ దిగాలనీ తరువాత తెలుసుకొన్నాము.

యంత్రాన్ని అమ్మివేయలేదు. చదును నేలపై ఎరువు, కొమ్మలు మోయడానికి ఇచ్చిన సొమ్ముకు అది తగినదే. పెద్దవారు బకెట్టు లోపల సగం ఎత్తున తెల్లరంగుతో గీత గీశారు. కంకర ఆ గీతను దాటరాదు. వాలుబాటకు నేటికీ అద్దె యంత్రాన్నే పిలిపిస్తున్నాము.