నాలుగు ఇరవైలు

బడి తెరిచేలోగా మావాడికి బూట్లు కొనాలి. వాడి అక్కకు గౌను కొనాలి. "ఇద్దర్నీ వెంటేసుకుని ఒక్కదానివే మాల్‌కి వెళతావా?" అన్నారు మావారు, పేపరులోంచి తల ఎత్తకుండానే. ఆ తల ఎత్తకపోవడం చూసి నాకు పౌరుషం వచ్చింది. "ఏం, మా అమ్మ నలుగుర్ని వెంటేసుకుని సుల్తాన్‌బజారు తిరగలేదూ?" అని బయలుదేరాను.

మాది దిల్‌సుఖ్‌నగర్. 2018లో మెట్రో రైలు మా దారిన వచ్చినప్పటినుంచీ పిల్లలకు బజారుకంటే బండి ముద్దు. మలక్‌పేట దాటి మూసీ కనబడగానే మా నాలుగేళ్ళ సుపుత్రుడు "సముద్రం!" అని కేక పెట్టాడు. ఎదుట కూర్చున్న పెద్దాయన నవ్వి, "1908 వరదల్లో అంత పనీ చేసింది నాయనా" అన్నారు. అమీర్‌పేటలో బండి మారి హైటెక్ సిటీలో దిగాము.

సుల్తాన్‌బజారులో కొట్లవాళ్ళు అమ్మల్ని పిలుస్తారు. మాల్‌లో సరుకులే పిల్లల్ని పిలుస్తాయి. చాక్లెట్లూ బొమ్మకార్లూ డబ్బు కట్టే బల్ల పక్కనే, సరిగ్గా నాలుగేళ్ళవాడి చెయ్యి అందే ఎత్తులో ఉంటాయి. వరసలో ఇరుక్కున్న తల్లి అటూ ఇటూ కదల్లేదని పేర్చినవాడికి తెలుసు మరి!

గౌను కొనేసరికే గంటన్నర పట్టింది. బూట్లు పై అంతస్తులో ఉన్నాయన్నారు. కదిలే మెట్ల దగ్గరకు వచ్చాము. నాకు ఒక చేతిలో సంచీ, మరో చేతిలో పిల్ల చెయ్యి. వాడు కొంగు పట్టుకునే ఉంటాడనుకున్నాను. మా అమ్మకూ నాకూ తేడా అక్కడే బయటపడింది. ఆవిడ చీర కట్టేది. నేను వేసుకున్నది చుడీదారు.

మెట్టుమీద కాలు పెట్టి వెనక్కి చూసుకుంటే, వాడు కిందనే నిలబడి ఉన్నాడు. కదిలే మెట్టుమీద అడుగు వెయ్యడానికి భయపడ్డాడు. నేను పైకి పోతున్నాను, వాడు చిన్నబోతూ చిన్నవాడవుతున్నాడు. వెనక జనం. దిగడానికి వీల్లేదు. గుండె గుభేలుమంది.

ఎక్కే మెట్ల పక్కనే దిగే మెట్లు కూడా ఉంటాయనుకునేరు. అక్కడ అవి అవతలి కొసన ఉన్నాయి. నడుమనున్న కొట్లన్నీ మనం చూడొద్దూ! పిల్లను లాక్కుంటూ పరుగెత్తాను. ఆ అద్దాల వెనక ఏమేం ఉన్నాయో ఇప్పటికీ చెప్పలేను. ఇక్కడ ఎవరికెవరు, ఎవరి పిల్లలు ఎవరికి తెలుసు అన్న మాటే బుర్రలో తిరుగుతోంది.

దిగి చూద్దును కదా, నేల తుడిచే ఆమె కర్ర పక్కన పెట్టి వాడి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వాడు వేళ్ళు ముడుస్తూ పద్దెనిమిది, పంధొమ్మిది అంటున్నాడు.

"ఏడుస్తుంటే లెక్కవెట్టుమన్ననమ్మా. ఎటూ తోల్కవోలే. మేం ఇటు దిరిగి, నువ్వు అటు దిరిగితే ఎట్ల దొరుకుతం?" అన్నది.

నాకు నోట మాట రాలేదు. చేతులు జోడించాను. ఆమె పేరైనా అడగలేకపోయాను.

మావాడు మాత్రం నన్ను నిలదీశాడు. వాడికి ఇరవైదాకానే వచ్చు. "అమ్మా, నువ్వు నాలుగు ఇరవైలకు వచ్చావు!"

ఆ రోజు బూట్లు కొనలేదు. తిరుగు బండిలో ఇద్దరిచేతా నా ఫోను నంబరు వల్లె వేయించాను. తప్పిపోతే వెతుక్కుంటూ తిరగొద్దని, ఉన్నచోటనే నిలబడాలని కూడా చెప్పాను. అది ఆమె నేర్పిన పాఠమే.

వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్ళాము. ఈసారి నేను చీర కట్టుకున్నాను. పేపరు మడిచి మావారూ వచ్చారు. మెట్ల జోలికి పోకుండా లిఫ్టు ఎక్కాము. తలుపులు మూసుకుంటూండగా దూరాన ఆమె కనబడింది. మావాడు చెయ్యి ఊపుతూ అరిచాడు:

"ఇరవై ఒకటి!"