దీపాల వేళ ఎర్ర లైటు

జూన్ 21, తెనాలి

కొత్త కనెక్షన్. ఫైబరు. కుర్రాడు నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. స్తంభం నుంచి మా డాబా పిట్టగోడకు, అక్కణ్నుంచి ముందుగది కిటికీకి నల్లటి సన్న తీగ.

గోడకు చిల్లు పెడతానన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. సంక్రాంతికి వేయించిన రంగులు. "కిటికీ మూల నుంచి తీసుకో నాయనా." తీసుకున్నాడు.

తీగ కొస ఒలిచాడు. లోపల గాజు. పై పొరలన్నీ పోగా మిగిలేది 125 మైక్రాన్లు. అందులో వెలుగు నడిచే దారి 9 మైక్రాన్లే. అమ్మ పారాయణం, నా ఆఫీసు, పైవాటా పిల్లాడి ఆట, అన్నీ ఆ దారినే.

కోసిన గాజు ముక్కను నేల మీద పడేయలేదు. టేపుకు అంటించి చిన్న డబ్బాలో వేసుకున్నాడు. "కాల్లో దిగితే కనపడదక్కా." పని తెలిసిన చెయ్యి.

కొసకు ఆకుపచ్చ కనెక్టర్. దాని ముఖం ఎనిమిది డిగ్రీలు ఏటవాలుగా అరగదీసి ఉంటుంది. వెలుగు తిరిగి వెనక్కి కొట్టకుండా. నీలం రంగుది తిన్నగా ఉంటుంది. "పచ్చదానికి పచ్చదే. నీలందాన్ని గుచ్చితే పవర్ పడిపోద్ది."

జూన్ 22

బాక్సు మీద లైట్లు వరసగా. పవర్, పాన్, లాస్, ఇంటర్నెట్, వైఫై. అమ్మ ఒక కాగితం మీద రాసి పక్కన గోడకు అంటించింది.

పాన్ మిటకరిస్తే వెతుకుతోంది. నిలబడితే అవతలి మిషన్ గుర్తుపట్టింది. లాస్ ఎర్రగా వెలిగితే వెలుగు రావట్లేదు.

అమ్మ అక్షరాలు గుండ్రంగా, పెద్దగా. కళ్లజోడు లేకుండా కూడా కనపడాలని.

జూన్ 22, రాత్రి

బాక్సు అడుగున స్టిక్కరు. 192.168.1.1. లోపలికి వెళ్లడానికి అడ్మిన్, అడ్మిన్. ఊళ్లో ఎన్ని ఇళ్లలో ఈ రెండు మాటలు ఇలాగే ఉండిపోయాయో. ముందు అది మార్చాను. తర్వాత వైఫై పాస్‌వర్డ్. ఎనిమిది అక్షరాలకు తగ్గనివ్వదు, 63కు మించనివ్వదు. అమ్మ తనకు నోటికొచ్చిన వాక్యం ఒకటి ఇచ్చింది. పొడుగైనది. మంచిది.

ఫోన్లో చుట్టుపక్కల పేర్లు కనపడ్డాయి. ఒకరిది "అడగొద్దు". ఒకరిది "హనుమాన్". ఒకరిది "పాలబాకీ కట్టు".

జూన్ 24

ప్లగ్గు ఉందని బాక్సును ఇనప బీరువా వెనక పెట్టారు. పూజగదిలో ఫోన్ చచ్చుబడింది. పద్నాలుగు అంగుళాల గోడ, దాని ముందు ఇనుము. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, గోడ దాటడం తక్కువ. 2.4 దాటుతుంది, కానీ అందులో రద్దీ.

రద్దీ అంటే నిజంగా రద్దీ. మన దగ్గర 13 చానెళ్లు. ఒకదాని మీద ఒకటి పడనివి మూడే: 1, 6, 11. మా వీధి అంతా 1లోనూ 11లోనూ ఉంది. 6 పెట్టాను.

బాక్సును నడవలో రేడియో గూట్లోకి మార్చాం. నాన్న ఆ గూడు కట్టించిందే ఇంటి నడిమధ్యన, అందరికీ వినపడాలని. ఇప్పుడు పూజగదిలో వస్తోంది. వంటింట్లో వస్తోంది. పెరట్లో జామచెట్టు దాకా వస్తోంది.

జూన్ 26

సాయంత్రం నెట్ పోయింది. ఎర్ర లైటు. కాల్ సెంటర్ అమ్మాయి: "ఒకసారి ఆపి ఆన్ చేయండి మేడమ్." చేశాం. ఎర్ర లైటు. "ఇంకొకసారి."

బాక్సు హ్యాంగ్ అయితే ఆపి వేయడం పనిచేస్తుంది. అందులో సందేహం లేదు. కానీ ఎర్ర లైటు చెబుతున్నది బాక్సు సంగతి కాదు, తీగ సంగతి. చెబుతున్నదాన్ని ఎవరూ అడగట్లేదు.

జూన్ 27

పొద్దున నెట్ ఉంది. కంపెనీ నుంచి మెసేజ్: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. ఎవరూ రాలేదు. ఏదీ ముట్టుకోలేదు. కోపం వచ్చింది. రోజంతా పోలేదు.

సాయంత్రం మళ్లీ ఎర్ర లైటు.

జూన్ 28

అమ్మ పారాయణం ఆరున్నరకు. విష్ణు సహస్రనామం. తెనాలి నుంచి నలుగురు, బందరు నుంచి పిన్ని, న్యూజెర్సీ నుంచి పెద్దత్తయ్య. అక్కడ పొద్దున తొమ్మిది.

అందరూ కలిసి చదవరు. ఒకరే చదువుతారు, మిగతావాళ్లు మైకు ఆపుకుని తమ గదుల్లో తాము చదువుకుంటారు. మొదట్లో కలిసి చదవబోయారట. పెద్దత్తయ్య గొంతు ప్రతి నామం వెనకాల ఒక అడుగు ఆలస్యంగా వచ్చేదట. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. అక్కడికి దగ్గరదగ్గర 13 వేలు. తీగ తిన్నగా వేశారనుకున్నా పోను 65 మిల్లీసెకన్లు, రాను 65. సముద్రం కింద తీగ తిన్నగా వెళ్లదు. శ్లోకం అంతసేపు ఆగదు.

ఈ రోజు అమ్మ లేకుండానే పారాయణం అయింది. పుస్తకం పట్టుకుని ఒంటరిగా పూర్తిచేసింది. వెయ్యి నామాలూ. ఫోన్ పక్కన బోర్లించి ఉంది.

జూన్ 30

పైవాటా వాళ్ల మైక్రోవేవ్ మీద అనుమానం వచ్చింది వాళ్లబ్బాయికి. అదీ 2.45 గిగాహెర్ట్జే, సాయంత్రమే వాడతారు. కుర్రాడికి తెలివి ఉంది. కానీ మైక్రోవేవ్ గాలిలో సిగ్నల్‌నే చెడగొట్టగలదు. గాజు తీగలో వెలుగును ఏమీ చేయలేదు. లాస్ లైటు ఎర్రగా మారదు.

ఆ సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే వైఫై నిర్దోషి," అన్నాడు.

జూలై 1

అమ్మ పాల లెక్క రాసే క్యాలెండర్‌లో పెన్సిల్‌తో వేరే అంకెలు. "6.10 పోయె. 8.40 వచ్చె." తర్వాతి గడి: "6.05 పోయె. 9 వచ్చె." ఎవరూ చెప్పలేదు. తనే రాస్తోంది, మొదటి రోజు నుంచీ.

శనివారం గడిలో పాలు మాత్రమే ఉన్నాయి. అర లీటరు.

జూలై 2

పైవాటా పిల్లాడి కంప్యూటర్‌కు తీగతో ఇచ్చినా 94 మెగాబిట్లు దాటట్లేదు. మేం కడుతున్నది 200కు. 94 అనగానే తీగ మీదికి చూపు పోవాలి. ఈథర్‌నెట్ తీగలో ఎనిమిది పోగులు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. నీలం, గోధుమ జతల్లో ఏదైనా తెగితే మిగతా నాలుగుతో సర్దుకుని 100కు దిగుతుంది. అందులో ప్యాకింగ్ బరువు పోగా మిగిలేది 94.

మెట్ల దగ్గర తీగను తలుపు నొక్కుతోంది. గోధుమరంగు పోగు తెగింది. కొస కోసి కొత్తగా క్రింపింగ్ చేయించాం. నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. కొట్టు ముసలాయన కళ్లు మూసుకుని కూడా ఆ వరస చెబుతాడు.

జూలై 3

రూటరు లోపలి పేజీలో ఒక అంకె ఉంటుంది. ఆప్టికల్ పవర్, ఆర్ఎక్స్. చాలామంది చూడరు. డీబీఎమ్‌లలో, మైనస్‌లో. ప్రతి 3 తగ్గితే వెలుగు సగం.

మధ్యాహ్నం: మైనస్ 21.3.
సాయంత్రం ఆరుంబావుకు: మైనస్ 28.9.

మామూలు బాక్సులు మైనస్ 27 దాకా చూడగలవు. ఆ కింద గుడ్డివి. మధ్యాహ్నం వచ్చిన వెలుగులో ఐదో వంతు కూడా సాయంత్రం రావట్లేదు.

పొద్దు వాలాక వెలుగు తగ్గేదేమిటి? వీధి దీపాలకు దీనికి సంబంధం లేదు. ఎండ పోయి తీగ చల్లబడితే ఇంత తేడా రాదు.

జూలై 4

స్తంభం మీద ఉండే స్ప్లిట్టర్ ఒక్క గాజు పోగులో వచ్చిన వెలుగును 32 ఇళ్లకు పంచుతుంది. పెద్దదైతే 64. దానికి కరెంటు అక్కర్లేదు. మోటారు లేదు, చిప్పు లేదు. గాజే వెలుగును చీలుస్తుంది, అంతే. ఊరంతా చీకటైనా అది పనిచేస్తూనే ఉంటుంది. ఈ విషయం తెలిసినప్పటి నుంచీ ఆ నల్ల డబ్బా కింద నుంచి వెళ్తుంటే తల ఎత్తి చూస్తున్నాను.

స్ప్లిట్టర్ దగ్గరే లోపమైతే ఎదురింటికీ పోవాలి. ఎదురింటి మామ్మగారిని అడిగాం. "మాకు శుభ్రంగా వస్తోందమ్మా, సీరియల్ కూడా ఆగలా."

అంటే స్తంభానికీ మా గూటికీ మధ్యన.

జూలై 5

లైన్ కుర్రాడికి నేరుగా ఫోన్ చేశాను. కాల్ సెంటర్ దాటి. క్యాలెండర్ ఫొటో పంపాను, రెండు అంకెలూ పంపాను. "మైనస్ 28 వస్తందా? రేపు సాయంత్రం వస్తానక్కా. పొద్దున వస్తే దొరకదు."

పొద్దున వస్తే దొరకదు. ఈ మాట కాల్ సెంటర్‌లో ఎవరైనా అని ఉంటే ఇన్ని రోజులు పట్టేది కాదు.

జూలై 6

ఐదున్నరకు వచ్చాడు. జేబులో పెన్నులాంటి లేజర్. తీగ కొసకు తగిలిస్తే ఎర్రటి వెలుగు పోతుంది. తీగ బాగున్న చోట బయటికి ఏమీ కనపడదు. విరిగినా నలిగినా అక్కడ ఎర్రగా కారుతుంది.

పెట్టాడు. ఏమీ లేదు. తీగ అంతా నల్లగా, బుద్ధిగా ఉంది. కూర్చుని టీ తాగాడు.

ఆరు కొట్టింది. అమ్మ లేచింది. దేవుడి దగ్గర దీపం పెట్టింది. వచ్చి, దోమలని, ముందుగది కిటికీ రెక్క వేసింది. కిటికీ మూల ఎర్రగా వెలిగింది.

అందరం చూశాం. కుర్రాడు గ్లాసు కింద పెట్టాడు. "అమ్మగారూ, ఒక్కసారి తియ్యండి." తీసింది. ఆరింది. "వెయ్యండి." వెలిగింది.

అమ్మ మూడోసారి తనంతట తనే తీసి వేసింది.

జూలై 6, రాత్రి

గాజు పోగు వంగినా తెగదు. కానీ మరీ బిగుతుగా వంగితే వెలుగు మలుపు తిరగలేక పక్కకు జారిపోతుంది. పాత రకం పోగుకు 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉండాలి. ఇళ్లకోసం చేసిన కొత్త రకం 10, ఇంకొంత మంచిది 7.5 దాకా ఓర్చుకుంటుంది. కిటికీ రెక్క ఏ లెక్కా చూడదు.

ఇంకొకటి. అదే పోగులో వెలుగు రెండు వైపులా నడుస్తుంది. మనకు వచ్చేది 1490 నానోమీటర్లు, మనం పంపేది 1310. పొడుగు అలకు వంపు దగ్గర నష్టం ఎక్కువ. ముందు దెబ్బ తినేది మనకు వచ్చేదే.

అన్నాలయ్యాక అమ్మ గాలి కోసం కిటికీ తెరుస్తుంది. 8.40. పోయిన శనివారం సాయంత్రం వైకుంఠపురం గుడికి వెళ్లింది, వచ్చేసరికి పది. ఆ రోజు కిటికీ ఎవరూ వేయలేదు. ఖాళీ గడి.

అమ్మ క్యాలెండరే కంపెనీ కంప్యూటర్ కన్నా ముందు కనిపెట్టింది. ఇది అమ్మ పని. రాసి పెడుతున్నాను.

జూలై 7

గోడకు చిల్లు. అమ్మే చోటు చూపించింది. లోపలి నుంచి బయటికి కొంచెం కిందికి వాలేలా వేశాడు, వాన నీరు లోపలికి రాకుండా. బయట తీగను కిందికి ఒక వంపు దించి మళ్లీ పైకి తెచ్చాడు. నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. నలిగిన తీగను ఉంచలేదు. "లోపల పగులు ఉంటే ఏడాదికి బయట పడద్ది." మిషన్‌లో రెండు కొసలు పెట్టి అతికించాడు. తెర మీద రెండు గాజు కొసలు దగ్గరికొచ్చి, చిన్న నిప్పు, ఒకటైపోయాయి.

కిటికీ వేసి: మైనస్ 20.9.
కిటికీ తీసి: మైనస్ 20.9.

చిల్లు చుట్టూ ఊడిన రంగు మీద అమ్మ తెల్ల సిమెంటు మెత్తింది.

జూలై 9

గాలివాన. కరెంటు పోయింది. బాక్సుకు కావలసింది 12 వోల్టులే. చిన్న బ్యాటరీ తగిలించాం. వీధి చీకటి. లోపల పెద్దత్తయ్య గొంతు స్పష్టంగా.

అమ్మ అడిగింది, స్తంభాలు పడితే? పడితే పోతుంది. ఏపీ ఫైబర్‌నెట్‌కు వేసిన తీగలూ కరెంటు స్తంభాల మీదే. నెలకు 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోన్ ఇస్తామన్నప్పుడు నేల తవ్వితే కుదిరేది కాదు. మా కంపెనీ వేరే. స్తంభాలు అవే.

జూలై 11

సిడ్నీ నుంచి అన్నయ్య. గేటు కెమెరా పాత డీవీఆర్ అక్కణ్నుంచి తెరుచుకోవట్లేదట. రూటరు పేజీలో చూశాను. బయటి చిరునామా 100.70తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న చిరునామాలు 2012లో కంపెనీల లోపలి వాడకానికి పక్కన పెట్టారు. అంటే మా చిరునామా మాది కాదు. ఒక చిరునామా వెనక ఎన్నో ఇళ్లు. పెద్ద అపార్టుమెంటుకు ఒకే డోర్ నంబరు ఉన్నట్టు. లోపలి నుంచి బయటికి వెళ్లొచ్చు, బయటివాడికి ఏ తలుపు కొట్టాలో తెలియదు.

ఆసియాకు పాత చిరునామాలు 2011లోనే అడుగంటాయి. కొత్త రకం, ఐపీవీ6, కావలసినన్ని. రూటరులో అది ఆపి ఉంది. తెరిచాను. డీవీఆర్‌కు అది అర్థం కాదు. అన్నయ్య కొత్త కెమెరా కొంటానన్నాడు. అమ్మ వద్దంది, గేటు తనకు కనపడుతూనే ఉంది.

జూలై 13

బందరు పిన్ని ఫోన్. వాళ్లకు నెట్ పోయింది, పారాయణానికి అరగంట ఉంది. ఆపి వేయబోతోందట.

"ఆపకు," అంది అమ్మ. "ముందు లైట్లు చెప్పు. లాస్ ఎర్రగా ఉందా?"

లేదు.

"పాన్ నిలబడిందా, మిటకరిస్తోందా?"

నిలబడింది.

"ఇంటర్నెట్ లైటు?"

ఆరిపోయి ఉంది.

అమ్మ కళ్లజోడు సర్దుకుంది. "తీగ బాగానే ఉందే. రీఛార్జ్ ఎప్పుడు చేయించావు?"